రూపసంధానము (గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

   

ఈ రజతోత్సవ సభలో ఏదేని యొక విజ్ఞాన విషయమును గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు నేను కొంత జంకితిని. నేను వైద్యుడను గాను, శాస్త్రజ్ఞుడను గాను. మా తండ్రిగారు ఈ గ్రామమున కరణీకము చేసిరి. 1984లో ఆ యుద్యోగములు రద్దగుటతో నాకు కరణీకము రాలేదు గాని లెక్కలు మాత్రము వచ్చినవి. నేడు పెద్దదోర్నాల అంగడులవారి పద్దులు, రైతుల అప్పుల లెక్కలు వ్రాసి జీవించువాడను. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ఈ గ్రంథాలయమున నిఘంటువును ప్రక్కన బెట్టుకొని భారత భాగవతములను నాకు నేనే చదువుకొన్నవాడను. అట్టివాడు ప్లాస్టిక్ సర్జరీని గూర్చి ప్రసంగించుట వింతగా దోచవచ్చును. నేనీ విషయమును ఎంచుకొనుటకు కారణమొకటి కలదు. దానిని చివర మనవి చేసికొందును.

ముందుగా ఒక అపోహను తొలగింపవలెను. ప్లాస్టిక్ సర్జరీ యనగానే మనలో పలువురు బిందెలు, బుట్టలు చేయు ప్లాస్టిక్కును దేహములో నమర్తురని తలంతురు. అది నిజము గాదు. గ్రీకు భాషలో మట్టిని పిసికి రూపము దిద్దుటకు చెప్పు మాటనుండి ఈ పేరు పుట్టినది. కుమ్మరి సారె మీద చేయు పని యేదో, ఈ శస్త్రవైద్యుడు మాంసము మీద చేయు పని అదియే. మరి కొందరు ఇది సినిమా తారల ముక్కులు సన్నము చేయు విలాస విద్య యనుకొందురు. అట్టి శాఖయు కలదు. అది వారివారి యిష్టము, వారివారి ధనము. కాని ఈ విద్య పుట్టినది అందుకొరకు గాదు. పుట్టుకతో గాని, రోగమున గాని, అగ్నిచేత గాని, యంత్రముచేత గాని, మృగముచేత గాని చెడిపోయిన అవయవమునకు మరల రూపమును, పనిని సంపాదించి పెట్టుటకు పుట్టినది. అందుచేత దీనిని నేను రూపసంధానము అని పిలుచుచున్నాను.

మన ప్రాచీన కథలలో రెండింటిని స్మరింపుడు. అరణ్యకాండమున శూర్పణఖ ముక్కు చెవులను కోల్పోయెను. భాగవత దశమస్కంధమున శ్రీకృష్ణుడు కుబ్జ పాదముల మీద తన పాదము మోపి, గడ్డము క్రింద రెండు వ్రేళ్ళుంచి యెత్తి, ఆమె వంకరలన్నియు చక్కజేసెను. మొదటి కథ విని మనము నవ్వుకొందుము. రెండవ కథ విని చేతులు జోడింతుము. ఈ రెండు కథలు విని విని మన మనస్సున ఒక భావము నాటుకొనినది. రూపము చెడుట పాపఫలమనియు, అది బాగుపడుట దేవునికే సాధ్యమనియు మనము తలంచుచున్నాము. ఈ రెంటికి నడుమ మనుష్య హస్తము చేయగల పని యొకటి కలదని మరచితిమి. అయితే మన పూర్వులు దానిని మరువలేదు.

సుశ్రుత సంహిత సూత్రస్థానమున పదునారవ యధ్యాయము చెవులు కుట్టుటను గూర్చి మొదలగును. బరువైన కమ్మలు లాగి లాగి చెవితమ్మె చీలిపోయినచో దానిని మరల కలుపు విధములను సుశ్రుతుడు పదునైదు చెప్పెను. మన యిండ్లలో ముదుసలి స్త్రీలకు తమ్మెలు సాగి, తెగి వ్రేలాడుటను మనమందరము చూచినవారమే. ఈ విద్య మొదట పుట్టినది అట్టి చిన్న కష్టమునుండియే. అదే యధ్యాయము చివర తెగిన ముక్కును కట్టు విధము గలదు. ముక్కు కొలతకు ఒక ఆకును కత్తిరించి, ఆ ప్రమాణమున చెక్కిలి నుండి మాంసమును కొంత అంటియుండునట్లు కోసి, ముక్కు మొదలును గీచి దానికి సంధింపవలెను. ఊపిరి యాడుటకై రెండు గొట్టములను అమర్పవలెను. పైన అతిమధురము మొదలగువాని చూర్ణము చల్లి, తెల్లని ప్రత్తితో కప్పి, నువ్వులనూనెతో తడుపుచుండవలెను. పెదవి తెగినను ఇదే విధమున కలుపవలెననియు, అప్పుడు గొట్టములు మాత్రము అక్కరలేదనియు ఆయన సెలవిచ్చెను. ఈ పెదవి మాటను మీరు మనసున నుంచుకొనవలెనని కోరుచున్నాను.

తరువాత ఏమైనది? గ్రంథము పండితుల పెట్టెలో నుండిపోయెను. పని మాత్రము చేతివృత్తులవారిలో తండ్రినుండి కొడుకునకు వచ్చుచుండెను. వ్రాసినవాడు చేయలేదు, చేసినవాడు వ్రాయలేదు. ఈ రెండు పద్దులు ఒక్క పుస్తకమున కలిసినది 1794లో. అదియు మన దేశమున గాదు, లండనులో.

ఆ కథ యిది. మూడవ మైసూరు యుద్ధమున ఆంగ్ల సైన్యము వద్ద ఎద్దుల బండి తోలు కవాస్‌జీ యను మరాఠీవాడు టిప్పు సుల్తాను సైనికులకు చిక్కెను. వారతని ముక్కును, ఒక చేతిని నరికి విడిచిరి. ఆ యుద్ధము దూర దేశపు యుద్ధము గాదు. 1792లో దానిని ముగించిన సంధి మూలముగనే కడప సీమ టిప్పు చేతినుండి నిజాము చేతికి వచ్చినది. కవాస్‌జీ సుమారు ఒక సంవత్సరము ముక్కు లేక తిరిగెను. అప్పుడు పూనా సమీపమున ఇటుకలు చేయు కులమునకు చెందిన ఒకడు అతనికి క్రొత్త ముక్కును కట్టెను. ముందు మైనముతో ముక్కు నమూనా చేసెను. దానిని చదును చేసి నొసటి మీద పరచి, చుట్టును గీత గీచెను. ఆ గీత వెంట చర్మమును ఒలిచి, కనుబొమల నడుమ మాత్రము కొంచెము తెగకుండ నుంచి, క్రిందికి త్రిప్పి ముక్కు స్థానమున అతికించెను. కుట్లు లేవు. తాంబూలములో మనము వేసికొను కాచు వంటి దానితో అంటించెను. సుమారు ఇరువదియైదు దినముల తరువాత కనుబొమల నడుమ నున్న ఆ బంధమును తెగగోసెను. అప్పటికి ముక్కు తన క్రొత్త నేలలో వేరూనెను.

ఆంగ్ల వైద్యులిద్దరు ఆ పనిని కన్నులార చూచిరి. 1794 అక్టోబరులో లండను నగరపు జెంటిల్‌మన్స్ మాగజీను అను మాసపత్రికలో ఆ వృత్తాంతము చిత్రముతో సహా అచ్చయ్యెను. జోసెఫ్ కార్ప్యూ అను శస్త్రవైద్యుడు దానిని ఆధారముగా జేసికొని 1814లో తానే ఒకనికి ముక్కు కట్టెను. 1816లో పుస్తకము ప్రకటించెను. అక్కడినుండి ఆ విద్య ఐరోపా యంతయు ప్రాకెను. ఇప్పటికిని నొసటి చర్మముతో ముక్కు కట్టు పద్ధతిని లోకమున భారతీయ పద్ధతి యనియే పిలుచుచున్నారు.

సోదరులారా! ఆ ఇటుకలవాని పేరేమో ఎవరును వ్రాసి యుంచలేదు. బండివాని పేరు నిలిచినది, చూచినవారి పేర్లు నిలిచినవి, చేసినవాని పేరు పోయినది. లెక్కలు వ్రాయువాడను గనుక నాకు ఈ లోపము మిక్కిలి బాధ కలిగించును. మన యింట నున్న విద్య మన పద్దులలో చేరకపోవుటచేత పరుల పద్దులలో చేరి, వంద సంవత్సరములు దాటిన పిమ్మట ఆంగ్ల పుస్తకముల రూపమున మన కళాశాలలకు తిరిగి వచ్చెను. ఒక పత్రిక, దానిని చదివిన ఒక్క పాఠకుడు ఏమి చేయగలరో చెప్పుటకు ఇంతకు మించిన దృష్టాంతము నాకు దొరకదు. మన గ్రంథాలయపు బల్లమీద పడియుండు పత్రికలను చూచినప్పుడెల్ల నాకు ఆ మాసపత్రికయే జ్ఞప్తికి వచ్చుచుండును.

ఇక ఈ విద్యలోని కీలకమును మన సేద్యపు భాషలో చెప్పెదను. దేహమున ఒకచోటి చర్మమును వేరొక చోటికి మార్చుటకు ముఖ్యముగా రెండు విధములు గలవు. మొదటిది మిరపనారు నాటుట వంటిది. నారుమడి నుండి మొక్కను పూర్తిగా పీకి చేనిలో నాటెదము. అది రెండు మూడు దినములు వాడి, క్రొత్త మట్టిలోని తేమను పీల్చి తేరుకొనును. అట్లే తొడనుండి పలుచని చర్మపు పొరను తీసి, కాలిన గాయము మీద పరతురు. అడుగునుండి రక్తనాళములు ప్రాకి దానిని బ్రతికించును. పొర పలుచనిదైన గాని ఈ పద్ధతి కుదురదు. రెండవది నేల అంటు తొక్కుట వంటిది. కొమ్మను తల్లిచెట్టునుండి కోయకుండగనే వంచి మట్టిలో పూడ్చి, వేళ్ళు వచ్చిన పిమ్మట మాత్రమే తల్లినుండి వేరుచేయుదుము. కవాస్‌జీ నొసటి చర్మము ఇట్టి అంటు. దళసరి మాంసమును మార్చవలెనన్నచో చిరకాలము ఈ మార్గమే శరణ్యమై యుండెను. రక్తము ఆగినచో మాంసము చచ్చును. ఈ ఒక్క సూత్రమే ఈ శాస్త్రమునకు మూలకందము.

మొదటి ప్రపంచ యుద్ధమున తుపాకి గుండ్లకు ముఖములు చెదరిన సైనికులు వేలకొలది ఇంగ్లండుకు వచ్చిరి. న్యూజిలాండున పుట్టిన హెరాల్డ్ గిల్లీస్ అను వైద్యుడు 1917లో సిడ్‌కప్ అను చోట వారికై ప్రత్యేక వైద్యశాలలో పనిచేసెను. చర్మపు అంటును గొట్టమువలె చుట్టి కుట్టినచో అది కుళ్ళక, రక్తము చక్కగా ప్రసరించునని ఆయన కనుగొనెను. అటుపిమ్మట సూక్ష్మదర్శినితో చూచుచు, తలవెండ్రుక కంటె సన్నని దారముతో రక్తనాళములనే కుట్టు నేర్పు వచ్చెను. 1965లో జపాను వైద్యులు పూర్తిగా తెగిన బొటనవ్రేలిని తిరిగి అతికించి బ్రతికించిరి.

ఇప్పుడు మన సీమకు వత్తము. శ్రీశైలమునకు పోవు త్రోవలో నల్లమల వాకిట నున్న గ్రామము మనది. అడవిలో తేనెకు, ఫలములకు తిరుగు చెంచు సోదరుల మీద ఎలుగుబంటి పడినచో అది తరచుగా ముఖమును, తలను చీల్చును. ప్రాణము దక్కినను కన్ను, ముక్కు, చెక్కిలి చెడును. అట్టివానిని చూచి పిల్లలు బెదరుదురు. అతడు సంతకు వచ్చుటయే మానుకొనును. ఎలుగు మిగిల్చిన ప్రాణమును మనము మరల కొంత తీయుచున్నాము.

మార్కాపురము పలకల పరిశ్రమకు పేరొందిన ఊరు. అక్కడి కోతయంత్రములు గానీ, మన నూర్పిడి యంత్రములు గానీ రెప్పపాటులో వ్రేలిని తీసికొనును. ఇట్టి సమయమున మీరు జ్ఞాపకముంచుకొనవలసినది యొకటి గలదు. తెగిన వ్రేలిని పారవేయరాదు. మంచుగడ్డలో సూటిగా వేయరాదు. శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, నీరు చొరని సంచిలో మూతి బిగించి, ఆ సంచిని మంచుగడ్డలు వేసిన నీటిలో నుంచి, రోగితోపాటు వీలైనంత త్వరగా పెద్ద ఆసుపత్రికి చేర్పవలెను. గంటలు గడచినకొలది ఆశ తరుగును.

కాలిన గాయములు మరియొకటి. కాలిన వెంటనే ఇరువది నిమిషముల పాటు చల్లని నీటిధార క్రింద నుంచవలెను. పేడ, సిరా, పండ్లపొడి, పసుపు ఏవియు పూయరాదు. గాయము మానిన తరువాత అసలు కష్టము మొదలగును. కాలిన చర్మము ముడుచుకొని గడ్డమును రొమ్మునకు, పై చేతిని ప్రక్కకు లాగివేయును. అట్టి బిగువులను విడదీసి, క్రొత్త చర్మము పరచి, మెడను మరల ఎత్తునట్లు చేయుట ఈ వైద్యుల నిత్యకృత్యము. ఒడలెల్ల కాలినవానికి తన చర్మము చాలదు. అందులకై నేత్రదానము వలెనే చర్మదానము ఏర్పడినది. మరణించిన ఆరు గంటలలోపల తొడలు, వీపునుండి పలుచని పొర మాత్రము తీసికొందురు. దేహము వికారము కాదు. 2021లో హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో ఇట్టి చర్మనిధి నెలకొల్పబడినది.

కుష్ఠురోగమును గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. మన పెద్దలు కష్టమైన రోగము వచ్చినప్పుడు రాయవేలూరుకు పోవుదురు గదా. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు వచ్చెను. ఆయన 1914లో తమిళదేశపు కొల్లిమలలలో పుట్టినవాడే. మరుసటి యేడు చెంగల్పట్టు కుష్ఠు ఆశ్రమమున రోగుల చేతులను చూచి ఆయన ఆశ్చర్యపడెను. వ్రేళ్ళు పక్షిగోళ్ళవలె ముడుచుకొనియున్నవి గాని, మాంసము కుళ్ళిపోలేదు, కొన్ని కండరములలో బలము చెక్కుచెదరలేదు. రోగము నరములను చంపినందున కొన్ని కండరములు పడిపోయినవి, స్పర్శ పోయినది. నొప్పి తెలియక నిప్పును పట్టుకొందురు, గాయమును గమనింపరు. వ్రేళ్ళు అరుగుట అందువలననే. అప్పుడాయన పనిచేయుచున్న కండరపు స్నాయువును, అనగా కండరమును ఎముకకు బిగించు పగ్గమును, దారి మళ్ళించి పడిపోయిన వ్రేలికి కట్టెను. చెరువు కాలువకు గండి పడినచో ప్రక్క కాలువ నీటిని మళ్ళించి పొలము తడుపుకొనునట్టి పని అది. ముడుచుకొన్న చేయి విచ్చుకొనెను.

కాని విచ్చుకొన్న చేతికి పని యెవరిచ్చిరి? చేయి బాగుపడినను ఊరు దగ్గరకు రానీయలేదు. అందుచేత బ్రాండుగారు నవజీవన కేంద్రమను పేర చిన్న పల్లె వంటిదానిని కట్టి, కొయ్యబొమ్మలు మొదలగు పనులు నేర్పింపవలసి వచ్చెను. నేడు కుష్ఠునకు ఆరు లేక పండ్రెండు నెలల మందు ఉచితముగ లభించును, రోగము పూర్తిగా నయమగును. అయినను ఒక మచ్చ కనబడినంతనే దాచిపెట్టువారింకను కలరు. వైద్యుడు చేతిని తెరచినాడు గాని, ఊరి తలుపును తెరువవలసినవారము మనమే.

ఇక నా మాటకు వచ్చెదను. మన భాషలో చీలిన పై పెదవితో పుట్టుటను గ్రహణమొర్రి యందురు. పేరులోనే తీర్పు చెప్పబడినది. గర్భిణి గ్రహణమును చూచినందుననో, ఆ వేళ కత్తి పట్టినందుననో బిడ్డ పెదవి చీలెనని మన నమ్మకము. నేరము తల్లిది, శిక్ష బిడ్డది.

నా చెల్లెలు గ్రహణమొర్రితో పుట్టెను. అది 1980వ సంవత్సరము. ఆ యేడు ఫిబ్రవరి 16, సిద్ధార్థి నామ సంవత్సర మాఘ బహుళ అమావాస్య, శనివారము నాటి సూర్యగ్రహణము మీలో పెద్దలకు గుర్తుండును. శివరాత్రికి శ్రీశైలము పోయిన బండ్లు తిరిగివచ్చుచున్న దినములు. పట్టపగలే చీకటి మూసికొనివచ్చెను. అప్పుడు నాకు పదియేండ్లు. గర్భవతియైన మా అమ్మ గదిలో నుండక, నేను దాహమని యేడ్చినందున వంటింటిలోనికి వచ్చి, ఆ యలవాటున కత్తిపీట నొక ప్రక్కకు జరిపెను. బిడ్డ పుట్టిన దినమున మా నాయనమ్మ ఆ కత్తిపీటను జ్ఞప్తికి తెచ్చెను. అటుపిమ్మట మా యింట ఆ మాట ఎన్ని మారులు పలుకబడెనో లెక్క వ్రాయలేను. మా అమ్మ ఎదురు చెప్పలేదు. తానే నమ్మెను. ప్రతి గ్రహణమునకు ఉపవాసముండి, చెల్లెలి తల నిమురుచు కూర్చుండెడిది. దాహమని యేడ్చినవాడను నేను. ఆ మాట నేనెవరికిని చెప్పలేదు.

చెల్లెలు బడికి మూడేండ్లు పోయి మానెను. పెండ్లి సంబంధములు రాలేదు. పెండ్లిండ్లలో అందరును తిని లేచిన పిమ్మట వంటింటి మూల గోడవైపు తిరిగి తినెడిది. 1999లో మా అమ్మ గతించెను.

మన గ్రంథాలయము తెరచిన కొన్ని యేండ్లకు, ఒక సాయంకాలము ఆరోగ్య విషయముల పుస్తకమొకటి నా చేతబడెను. అందులో గర్భస్థ శిశువు ముఖము ఏర్పడు క్రమము వ్రాయబడి యుండెను. ముఖము ఒక్కటిగా పుట్టదు. రెండు ప్రక్కలనుండియు, నొసటినుండియు వచ్చు భాగములు నడుమకు చేరి అతుకుకొనును. పెదవి అతుకు నాలుగవ వారము మొదలు ఏడవ వారములోపల ముగియును. అంగిలి తొమ్మిదవ వారము నాటికి కూడును. ఆ గడువులో అతుకు పడకున్నచో మొర్రి యేర్పడును. వంశపారంపర్యము, కొన్ని మందులు, పొగ, ఆహారములో ఫోలిక్ ఆమ్లపు కొరత మొదలగునవి కారణములు కావచ్చును. ప్రపంచమున సుమారు ఏడు వందల జననములకు ఒక బిడ్డ ఇట్లు పుట్టును. గ్రహణము పట్టని దేశములలోను పుట్టును, గ్రహణము లేని యేడును పుట్టును.

లెక్కలవాడను గనుక ఇంటికి పోయి లెక్క వేసితిని. మా తండ్రిగారు పిల్లల పుట్టుకలను పంచాంగపు అంచున వ్రాసియుంచెడివారు. చెల్లెలు పుట్టినది 1980 ఆగస్టు 6. నెలలు నిండి పుట్టిన బిడ్డకు గర్భవాసము 266 దినములు. వెనుకకు లెక్కించగా 1979 నవంబరు 14 వచ్చినది. అక్కడినుండి గ్రహణము నాటికి 94 దినములు, అనగా పదుమూడు వారములు దాటినవి. ఏడవ వారమునకే ముగియవలసిన అతుకు, గ్రహణమునకు ఆరు వారములు ముందే తప్పిపోయినది. రోజులు కొన్ని అటునిటు జరిగినను లెక్క తారుమారు కాదు. సూర్యుని చీకటి క్రమ్మిన వేళకు, మా అమ్మ కత్తిపీటను ముట్టిన వేళకు, బిడ్డ పెదవి ఎప్పుడో చీలియున్నది.

ఆ లెక్కను నేను మూడు మారులు సరిచూచితిని. తప్పు లేదు. చూపుటకు మా అమ్మ మాత్రము లేదు. నా జీవితమున నేను వేసిన లెక్కలలో అంత సరియైనదియు, అంత ఆలస్యమైనదియు మరియొకటి లేదు.

గ్రహణస్నానము, జపము మానుడని నేను చెప్పుట లేదు. అవి మీ నియమములు. ఒక తల్లిని దోషిగా నిలుపుటకు మాత్రము గ్రహణమును సాక్షిగా పిలువకుడు. ఆ సాక్షి ఘటనాస్థలమున లేడు.

ఆ పుస్తకముననే ఈ మొర్రిని కుట్టవచ్చుననియు కలదు. సుశ్రుతుడు పెదవిని గూర్చి చెప్పిన మాట మీరు మనసున నుంచుకొని యుందురు. మన కాలమున అమెరికా వైద్యుడు రాల్ఫ్ మిల్లార్డ్ కొరియాలో పనిచేయుచు క్రొత్త పద్ధతిని కనిపెట్టి 1955లో లోకమునకు తెలిపెను. చీలిక అంచులను ఊరక దగ్గరకు లాగి కుట్టినచో పెదవి పొట్టియగును. అందుచేత ఒక ప్రక్క భాగమును క్రిందికి త్రిప్పి, రెండవ ప్రక్క భాగమును ముందుకు జరిపి, కుట్టు గీత పెదవి సహజపు గీతలో కలిసిపోవునట్లు చేసెను. బిడ్డకు మూడు నెలలు వచ్చి, తగిన బరువు, తగిన రక్తము ఉన్నచో పెదవిని కుట్టుదురు. అంగిలి చీలికను తొమ్మిది నెలలు మొదలు ఒకటిన్నర యేడు లోపల, మాటలు స్థిరపడకముందే సరిచేయుదురు. అంతవరకు బిడ్డను నిలువుగా ఎత్తి పట్టుకొని, తల్లిపాలనే పిండి ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పోయవలెను.

ధనము లేదని ఎవరును ఆగనక్కరలేదు. 2007లో ఆరోగ్యశ్రీ పేరిట మొదలై, తరువాత పేరులు మారుచు వచ్చిన ప్రభుత్వ పథకమున ఈ శస్త్రచికిత్స చేర్చబడినది. 2013లో మొదలైన జాతీయ బాలల ఆరోగ్య కార్యక్రమము క్రింద పుట్టిన బిడ్డలలోను, అంగన్వాడీ, పాఠశాల పిల్లలలోను ఇట్టి లోపములను గుర్తించి పంపుదురు. 1999లో స్థాపించబడిన స్మైల్ ట్రైన్ అను సంస్థ భాగస్వాములగు ఆసుపత్రుల ద్వారా ఉచితముగ చేయించుచున్నది.

నా చెల్లెలికి 2009లో, ఇరువదితొమ్మిదవ యేట, ఈ చికిత్స జరిగినది. రూకయైన ఖర్చు కాలేదు. ఆలస్యముగ జరిగినందున కొంత గుర్తు మిగిలినది. మరుసటి వేసవిలో బంధువుల యింట పెండ్లి వచ్చెను. ఆమె పంక్తి నడుమ ఆకు వేసికొని కూర్చుండి, అందరితోపాటు భోజనము చేసెను. నేను వడ్డనలో నుంటిని. పెరుగు గిన్నె పట్టుకొని ఆమె ముందు చాలసేపు నిలిచిపోయితినట. ఆమె తలయెత్తి, "పెరుగు పోయవేమి అన్నయ్యా?" అనెను.

ఇంకొక్క దృష్టాంతము చెప్పి ముగింతును. సిడ్‌కప్ వైద్యశాల దారిలో కొన్ని బల్లలకు నీలిరంగు వేసిరి. ముఖము చెదరిన సైనికులు ఆ బల్లల మీద కూర్చుందురు గనుక, చూచి బెదరువారు ముందే జాగ్రత్తపడవలెనని ఆ గుర్తు. తరువాతి యుద్ధమున, గిల్లీసుకు బంధువును శిష్యుడునగు ఆర్చిబాల్డ్ మెకిండో ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ అను చిన్న ఊరిలో విమానములలో కాలిన యోధులకు చికిత్స చేసెను. ఆయన ఆ ఊరివారిని పిలిచి, ఈ బిడ్డలను వింతగ చూడవద్దని, మీ యిండ్లకు భోజనములకు పిలువుడని వేడుకొనెను. వారట్లే చేసిరి. తేరిపార చూడని ఊరు అని ఆ ఊరికి పేరు నిలిచినది. మొదటి ఊరు బల్లలకు రంగు వేసెను. రెండవ ఊరు తన చూపును దిద్దుకొనెను.

మన ఊరు ఏ ఊరు కావలెను? ఎలుగు చీల్చిన చెంచువాడు సంతకు వచ్చినప్పుడు, కాలిన మెడతో పిల్ల బడికి వచ్చినప్పుడు, మొర్రితో బిడ్డ పుట్టిన యింటికి మనము పురుటిపలకరింపునకు పోయినప్పుడు, ఆ ప్రశ్నకు జవాబు చెప్పుచుందుము. వైద్యుడు రూపమును దిద్దగలడు. చూపును దిద్దుట వైద్యుని పని గాదు.

కార్యవర్గమువారికి ఒక్క మనవి. ఆరోగ్య గ్రంథములకై ఒక బీరువాను కేటాయింపుడు. మొర్రి, కాలిన గాయములు, తెగిన వ్రేలు, వీనికి ఏమి చేయవలెనో పెద్దయక్షరములతో వ్రాయించి వాకిట తగిలింపుడు. చదువురానివారికి వారమునకొక సాయంకాలము చదివి వినిపించు పనిని నేను స్వీకరింతును. ఒక పుస్తకము కొన్ని యేండ్లు ముందుగా ఈ యూరికి వచ్చియుండినచో మా అమ్మ నిర్దోషిగా కన్నుమూసియుండెడిది. మరియొక తల్లికి అట్టి యాలస్యము కలుగకుండుటకే గదా మనకీ గ్రంథాలయము!